పిట్టకు పెట్టిన రోజు పడవలు బంద్

మైకు కట్టిన ఆటో మా వీధిలోకి వచ్చేసరికి నాన్నను మట్టిలో పెట్టి ఒక్క రాత్రే గడిచింది. రేవు పక్కనున్న పాత పంపుహౌసును కూలగొడుతున్నారట. ఆ పని అయ్యేదాకా పొద్దున ఏడు దాటితే సాయంత్రం ఐదు వరకు నదిలో పడవలు, పుట్టీలు ఏవీ తిరగకూడదట. ఎర్రజెండాల గీత దాటితే పడవను జప్తు చేస్తారట. అంతకు ముందు వారం అదే గొంతు పత్తి విత్తనాల గురించి చెప్పి పోయింది. రెండింటినీ ఒకే హుషారుతో చెప్పింది.

ఇంకో రోజైతే నాకు నవ్వొచ్చేది. ఆ రోజు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. పన్ను పీకే ముందు సూది వేస్తే చెంప మొద్దుబారుతుంది కదా, నాకు ఒళ్ళంతా అలా ఉంది. పలకరించడానికి వచ్చినవాళ్ళు నన్ను పట్టుకుని ఏడ్చి, నా కళ్ళు చూసి, కొంచెం నొచ్చుకుని లేచిపోయేవారు. తండ్రి పోతే ఏడవని ఆడబిడ్డను చూడటం వాళ్ళకు కొత్త. నాకూ కొత్తే.

మా ఊరు కృష్ణ ఒడ్డున ఉంది. ఇవతల గద్వాల జిల్లా, అవతల వనపర్తి జిల్లా, నడుమ నీళ్ళలో చిన్న గడ్డ. ఒకప్పుడు ఊరంతా ఆ గడ్డ మీదే ఉండేది. పెద్ద వరద తర్వాత ఇళ్ళన్నీ ఇవతలి ఒడ్డుకు వచ్చేశాయి. పొలాలు మాత్రం అక్కడే ఉండిపోయాయి. మావాళ్ళు చనిపోయినవారిని సొంత చేనులోనే పూడుస్తారు. అందుకని బతికున్నవాళ్ళం ఇక్కడ, పోయినవాళ్ళు అక్కడ. మధ్యలో తిరగడానికి ఒక ఇంజను పడవ, వెదురుతో అల్లిన గుండ్రటి పుట్టీలు రెండు మూడు. గడ్డ చుట్టూ రాళ్ళే కాబట్టి పడవ ఆనేది ఒక్కచోటే. ఆ చోటికి ఎదురుగానే పంపుహౌసు.

వరదలో దాని పునాది కదిలి నదివైపు ఒరిగింది. అప్పటినుంచీ అలా ఒరిగే ఉంది. దాని కింద బట్టలు ఉతికాం, దాని నీడలో పడవ కోసం ఎదురుచూశాం. ఇన్నేళ్ళు ఊరుకున్నవాళ్ళు మా నాన్న పోయిన వారమే దాని సంగతి తేల్చాలనుకున్నారు. వాళ్ళను అని ఏం లాభం? మా నాన్న పోతాడని వాళ్ళకెవరు చెప్పారు?

తమ్ముడు భయంభయంగానే అడిగాడు. "పెద్దనాయినా, పొద్దుగాల పోతే సాయంత్రం దాకా వాపస్ రానీకి లేదంట. పిట్టకు పెట్టుడు ఇంకో రోజు పెట్టుకుంటే కాదా?"

"మూడో దినం మూడోనాడే పెడ్తరు," అన్నాడు పెద్దనాన్న. "పడవలు బంద్ అని నీ నాయినకు తెల్వదు. ఆకలైతే ఆకలే."

పెద్దనాన్న అంటే నాన్నకు అన్న. ఇంట్లో పెళ్ళయినా చావయినా ముందు ఆయన గొంతు లేవాలి, తర్వాతే మిగతావాళ్ళవి. అమ్మ ఆయన ముందు తలమీద కొంగు లేకుండా నిలబడటం నేను చూడలేదు. ఆయనతో నేరుగా మాట్లాడటం కూడా చూడలేదు. ఆయన పక్క గుంజకు ఆనుకుని కూర్చున్నా, "పెద్దనాయిన చాయ్ తాగుతడేమో అడుగు బిడ్డా" అని నాతో అంటుంది. ఆయనేమో "తాగుతనని చెప్పు" అంటాడు. నేను ఇద్దరి మధ్యా టెలిఫోన్ తీగను.

పిట్టకు పెట్టడం ఎరగనివాళ్ళకు చెప్పాలి. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి మూడో రోజు సమాధి మీద విస్తరి వేసి వడ్డిస్తాం. దూరంగా జరిగి చూస్తాం. కాకి వచ్చి ముక్కు పెడితే ఆ మనిషి తృప్తిగా పోయినట్టు. రాకపోతే మనసులో ఏదో కోరిక మిగిలినట్టు. అప్పుడు ఇంటివాళ్ళు ఒక్కొక్కరే ముందుకెళ్ళి, ఆయనకు ఏం మిగిలిందో ఊహించి, అది తీరుస్తామని గట్టిగా మాట ఇస్తారు. సరైన మాట పడితే పిట్ట దిగుతుంది. మామూలుగా ఇదంతా చాయ్ తాగేంతసేపటి పని. మరీ దిగకపోతే చేనులో మేసే ఏ ఆవుకో పెట్టి ఇంటికి వెళ్ళిపోవడమూ ఉంది.

చీకటితోనే లేచి వండాం. జొన్న రొట్టెలు, చేపల పులుసు, ఉడకబెట్టిన అలసంద గుడాలు, అన్నం. ఒక సీసాలో కల్లు, ఒక బీడీ కట్ట. దవాఖానలో ఉన్నన్ని రోజులు ఇవేవీ నాన్నను ముట్టనివ్వలేదు. ఏడుకు ముందే పడవ మమ్మల్ని గడ్డమీద దింపింది. పెద్దనాన్న, అమ్మ, తమ్ముడు, మరదలు, నేను. పడవాయన ఒడ్డువైపు చూసి, "ఇగ నన్ను పిలిచినా రాను, మీద పడి కొడ్తరు," అని వెళ్ళిపోయాడు.

సమాధి తుమ్మచెట్టుకు కాస్త దూరంలో ఉంది. పల్లి పీకిన చేను అది. కింద రాలిన పల్లికాయల కోసం కాకులు, గోరింకలు, తెల్లకొంగలు గుంపులుగా తిరుగుతున్నాయి. పెద్దనాన్న వాటిని చూసి సంతోషించాడు. అమ్మ విస్తరి వేసింది. ఒక్కొక్కటే వడ్డించింది. నేను చీమలను చూస్తూ నిలబడ్డాను. మట్టి ఇంకా పచ్చిగానే ఉంది, చీమలు అప్పుడే దారి చేసుకున్నాయి.

వడ్డన పూర్తయి మేము వెనక్కి జరిగామో లేదో, ఊరివైపు ఒడ్డు మీద విజిల్ ఊదారు. ఎవరో ఎర్రజెండా ఊపారు. తర్వాత కాళ్ళకింద నేల ఒక్కసారి అదిరింది, ఆ వెనకే చప్పుడు వచ్చింది. పంపుహౌసు అడుగునుంచి దుమ్ము లేచి నది మీద పరుచుకుంది. చేనులోని పక్షులన్నీ ఒక్కపెట్టున లేచాయి. మా నెత్తిమీద ఒక చుట్టు తిరిగి, అవతలికి, వనపర్తి జిల్లాకు పోయాయి.

తర్వాత రాళ్ళు పగలగొట్టే బ్రేకర్ బండి మొదలైంది. టకటకటకమని అది ఆగకుండా కొడుతూనే ఉంది. కాసేపు ఆగితే విజిల్, విజిల్ తర్వాత మళ్ళీ పేలుడు.

"ఆ సప్పుడుకు పిట్టలు పోయినయి పెద్దనాయినా," అన్నాను. "ఆవుకు పెడ్దాం."

"ఆవుకు పెట్టుడేంది?" అన్నాడాయన. "మనిషి పేగు గుంజితే పిట్ట సప్పుడుకు భయపడ్తదా? వాని మనసుల ఏందో ఉన్నది. అడుగుండ్రి."

చప్పుడు ఆయన చెవులకూ వినిపిస్తోంది. పిట్టలు పోవడం ఆయన కళ్ళారా చూశాడు. అయినా ఆయన అబద్ధమాడటం లేదు, నిజంగానే నమ్మాడు. పడవ ఉండి ఉంటే కాసేపు చూసి మేమూ ఇంటికి వెళ్ళిపోయేవాళ్ళం. సాయంత్రం దాకా అక్కడే పడి ఉండాలి కాబట్టి మాటలు ఇవ్వడానికి కావలసినంత సమయం దొరికింది.

ముందు తమ్ముడు వెళ్ళాడు. సమాధి ముందు చేతులు జోడించి, "నాయినా, తాగుడు బంద్ చేస్త," అన్నాడు. ఆకాశం వైపు చూశాం. ఖాళీగా ఉంది. పాపం, వాడు అంత పెద్ద మాట ఇచ్చి దేనికీ పనికిరాకుండా పోయాడు. తర్వాత మరదలు వెళ్ళి, "అత్తమ్మను కంటికి రెప్పలెక్క చూసుకుంట మామా," అంది. పిట్ట రాలేదు. తమ్ముడు మళ్ళీ వెళ్ళి, పిల్లలను మంచి బడిలో చదివిస్తానన్నాడు. నాన్న పేరుమీద అన్నదానం చేస్తానన్నాడు. మరో పేలుడు జరిగింది, అంతే. చేను గట్టు నాన్నవైపు జరిపాడని పెద్దనాన్న మీద నాన్నకు ఏళ్ళ తరబడి కోపం ఉండేది. పెద్దనాన్న మాత్రం ఏ మాటా ఇవ్వలేదు. ఉన్న ఒక్క తుమ్మచెట్టు నీడలో కూర్చుని మమ్మల్ని వరసగా పంపిస్తున్నాడు.

ఎండ నెత్తికెక్కింది. పిట్ట ముట్టేదాకా మేమూ ఏమీ తినకూడదు. మరదలు నీరసపడి పల్లి పొట్టు మీదే పడుకుంది. విస్తరిలో రొట్టెలు ఎండి అంచులు లేచాయి. అప్పుడు పెద్దనాన్న నావైపు చూశాడు.

"ఇగ నువ్వొక్కదానివే మిగిలినవు బిడ్డా. నీ నాయిన మనసుల ఏమున్నదో అందరికి ఎర్కే. మళ్ళ మొగుని దగ్గరికి పోత అను. ఒక్క మాట. పిట్ట దిగకుంటే నన్నడుగు."

నేను అత్తగారింటినుంచి వచ్చేసి చాలా ఏళ్ళయింది. నన్ను బల్మూరు వైపు ఇచ్చారు. మా ఆయన కొట్టేవాడు కాదు, తాగేవాడు కాదు. చేనుకు పోయేటప్పుడు నన్ను లోపల ఉంచి బయట గొళ్ళెం పెట్టి పోయేవాడు. కిటికీలోంచి పక్కింటావిడ నీళ్ళు అందించేది. ఒకసారి నాన్న చెప్పకుండా వచ్చాడు. తలుపుకు బయట గొళ్ళెం, లోపల నా దగ్గు. గొళ్ళెం తీసి, లోపలికి కూడా రాకుండా, "పా," అన్నాడు. కట్టుబట్టలతో బస్సెక్కాను. అప్పటినుంచి గద్వాలలో చీరల దుకాణంలో, వచ్చినవాళ్ళు విప్పి పారేసిన చీరలు మళ్ళీ మడతపెట్టే పని చేసుకుంటూ అమ్మానాన్నల దగ్గరే ఉన్నాను.

అయితే ఆ "పా" తర్వాత నాన్న దాని గురించి ఇంకో మాట మాట్లాడలేదు. ఊళ్ళో ఎవరైనా "బిడ్డ ఎప్పుడు పోతది?" అంటే తల దించుకుని నడిచిపోయేవాడు. ఆ తల దించుకోవడం చూసినవాళ్ళంతా ఆయనకు సిగ్గనుకున్నారు. నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. అమ్మ మాత్రం దాచుకోలేదు. ప్రతి పండక్కీ ఏడ్చేది. "ఎన్నొద్దులుంటవు బిడ్డా గిట్ల? మేము పోతే నీకెవరున్నరు?" అనేది. ఆమె నన్ను వెళ్ళమంటోందనే ఇన్నేళ్ళూ అనుకున్నాను, ఆ కోపం మనసులో పెట్టుకునే ఆమె చేతి అన్నం తిన్నాను.

నాన్నను పూడ్చిన రోజు ఆయనా వచ్చాడు, నా భర్త. ఒక గుప్పెడు మట్టి వేసి, పెద్దనాన్నతో పక్కకు వెళ్ళి చాలాసేపు మాట్లాడి, మళ్ళీ పడవెక్కాడు. ఏం మాట్లాడుకున్నారో ఇప్పుడు పెద్దనాన్న చెప్పాడు.

"పదకొండోనాడు పెద్దదినానికి వస్తడంట. తోలిస్తే తోల్కపోత అన్నడు. ఇగ మళ్ళ ఎవరు అడుగుతరు నిన్ను? నీ నాయినకు అదే రంది ఉండె. ఆ రందితోనే పాణం పోయింది."

"అక్కా," అన్నాడు తమ్ముడు. వాడి పెదవులు ఎండిపోయి ఉన్నాయి. "ఒక్క మాటే కదక్కా."

అమ్మ నా వైపు చూడలేదు. కొంగు ముఖం మీదికి లాక్కుని సమాధినే చూస్తోంది.

అప్పుడు నాకు కోపం రావాలి. నేను కోపిష్టిదాన్నని ఊళ్ళో పేరు కూడా ఉంది. కానీ వెతుక్కున్నా లోపల ఏమీ దొరకలేదు. బ్రేకర్ బండి కొడుతోంది. గొళ్ళెం గుర్తొచ్చింది, అదీ ఎవరిదో అన్నట్టు గుర్తొచ్చింది. ఇక్కడున్నా అక్కడున్నా ఒకటేనేమో అనిపించింది. లేచి సమాధి దగ్గరికి వెళ్ళాను. చేతులు కూడా జోడించలేదు.

"పోత నాయినా," అన్నాను.

అందరం పైకి చూశాం. ఒక్క పిట్ట కూడా లేదు. ఎండకు తెల్లబడిన ఆకాశం, దాని కింద దుమ్ము.

"మనసుల నుంచి అనలే," అన్నాడు పెద్దనాన్న. ఆయనే మళ్ళీ, "సరే. పిట్ట ముట్టినా ముట్టకున్నా, సచ్చిపోయినోని ముందర ఇచ్చిన మాట మాటే. పెద్దదినం నాడు బట్టలు సదురుకో," అన్నాడు.

సరేనని తలూపాను. నా చీరలు ఎన్ని ఉన్నాయి, ఏ సంచీలో పడతాయి అని ఆలోచించాను. అంత తేలికగా ఆలోచించగలిగానంటే ఇప్పుడు నాకే నమ్మబుద్ధి కాదు.

పొద్దు వాలింది. బ్రేకర్ బండి ఆగింది. అలవాటైన చప్పుడు ఆగేసరికి చెవులు హోరెత్తాయి. ఊరివైపు పంపుహౌసు సగానికి సగం లేదు. ఇనుప చువ్వలు బయటపడి వేలాడుతున్నాయి. పోలీసాయన జెండాలు పీకేశాడు, పడవ ఇంజను మొదలైంది. పెద్దనాన్న లేచి పంచె దులుపుకున్నాడు.

"ఆవుకు పెట్టి పోదాం ఇగ," అన్నాడు, పొద్దున నేనన్న మాటే.

అప్పుడు అమ్మ నోరు తెరిచింది. తమ్ముడితో అంది. "అందరు పడవ కాడికి పోండ్రి. గింత మంది నిలవడితే పిట్ట ఎట్ల దిగుతది? నేనొక్కదాన్ని జరసేపు కూసుంట."

పెద్దనాన్నకు అదీ సబబే అనిపించింది. మేము నడిచాం. చేను దాటి, బండరాళ్ళ దగ్గర దారి కిందికి దిగేచోట నేను వెనక్కి తిరిగి చూశాను. అమ్మ మాకు వీపు చేసి సమాధి పక్కన కూర్చుని ఉంది. తల ముందుకు వంగి ఉంది. ఆమె కుడి మోచెయ్యి లేస్తోంది, దిగుతోంది. గుండెలు బాదుకుని ఏడుస్తోందనుకున్నాను. కానీ ఏడుపు వినిపించలేదు. గాలి మావైపే వీస్తోంది, ఏడిస్తే వినిపించాలి. చుట్టూ చూశాను. చేనులో, చెట్టు మీద, నీళ్ళ మీద పిట్ట అన్నది లేదు.

పడవలో కూర్చున్నాక అమ్మ వచ్చింది. నిదానంగా రాళ్ళమీద నడుచుకుంటూ, ఖాళీ గిన్నెలు చంకలో పెట్టుకుని వచ్చింది. పడవ అంచు పట్టుకుని ఎక్కకుండానే నిలబడింది.

"ముట్టింది," అంది.

తమ్ముడు "అమ్మా!" అని ఏడ్చేశాడు. మరదలు ఆకాశానికి దండం పెట్టింది. పెద్దనాన్న పెద్దగా ఊపిరి వదిలి నా వైపు తిరిగాడు.

"చూసినవా బిడ్డా? నేను చెప్తనే ఉంటి. నీ మాటకే దిగింది."

"దాని మాటకు కాదు బావా."

పడవాయన తాడు విప్పబోయి ఆగాడు. అమ్మ పెద్దనాన్నతో నేరుగా మాట్లాడటం మాలో ఎవరమూ ఎన్నడూ వినలేదు. తల మీది కొంగు జారి భుజం మీద ఉంది. ఆమె దాన్ని సర్దుకోలేదు.

"దాని మాటకైతే అప్పుడే దిగునుగద? అది పోత అన్నంక ఎంతసేపు చూసినం? రాలే. మీరు పోయినంక నేనొక మాట ఇచ్చిన. గప్పుడు దిగింది. కడుపునిండ తిన్నది."

"ఏం మాట ఇచ్చినవు?" పెద్దనాన్న గొంతులో మొదటిసారి అనుమానం వినిపించింది.

"బిడ్డను ఆడికి తోలియ్యను అన్న. నేను బతికినన్ని రోజులు నా ఇంట్లనే ఉంటది, నేను పోయినంక ఆ ఇల్లు దానిదే అన్న." గిన్నెలు పడవలో పెట్టి, "ఆయనకు గదే రంది ఉండె. పిట్ట చెప్పింది," అంది.

పెద్దనాన్న పడవ దిగాడు. చేతికర్ర ఊనుకుంటూ రాళ్ళెక్కి చేనులోకి వెళ్ళాడు. అమ్మ పడవెక్కి నా పక్కన కూర్చుంది. ఆయన సమాధి దగ్గర వంగి విస్తరి చూడటం మాకు కనిపించింది. చాలాసేపు అలాగే వంగి ఉన్నాడు. తిరిగొచ్చి చివర్న, అందరికీ దూరంగా కూర్చున్నాడు. పిట్ట ముట్టలేదని ఆయన అనలేడు. ముట్టిన విస్తరిని కళ్ళారా చూశాడు. పిట్ట ఏ మాటకు ముట్టిందో చెప్పడానికి అక్కడ అమ్మ ఒక్కతే ఉంది.

"పోనీ," అన్నాడు పడవాయనతో.

ఇంజను అందుకుంది. అమ్మ కుడిచేతిని పడవ అంచు మీదుగా నీళ్ళలోకి వదిలి, వేళ్ళు ఒకదానితో ఒకటి రుద్దుకుంటోంది. చేపల పులుసు వాసన నాకు స్పష్టంగా తెలిసింది. ఆమె పైపెదవి మీద చిన్న అన్నం మెతుకు ఉంది. ఎవరూ చూడకముందే చెయ్యి చాపి దాన్ని తీసేశాను. ఆమె నా వైపు చూసింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, మొహంలో ఏ భావమూ లేదు. మొగుడి విస్తరిలో పిట్టకంటే ముందు తిన్న ఆడదాని గతేమవుతుందో మావాళ్ళు చెప్పే కథలు నేను వింటూ పెరిగాను. అమ్మ అవన్నీ నమ్మే మనిషి. నమ్ముతూనే తిన్నది.

అప్పుడు ఏడుపొచ్చింది. మూడు రోజులు ఎక్కడ ఉండిపోయిందో గానీ ఒక్కసారే వచ్చింది. పడవ ఊగేంత గట్టిగా ఏడ్చాను. తమ్ముడు నా వీపు నిమురుతూ, "నాయిన తృప్తిగనే పోయిండక్కా, ఏడ్వకు," అంటూనే ఉన్నాడు. అమ్మ నీళ్ళు కారుతున్న చేత్తోనే నా తలను తన ఒళ్ళోకి వంచుకుంది.